లైబ్రరీలో మేకర్‌స్పేస్ (విద్యార్థులు సొంతంగా వస్తువులు తయారుచేసుకునే చోటు) నడిపేవాళ్లకి

యూనివర్సిటీ లైబ్రరీలో త్రీడీ ప్రింటర్ కొని పెట్టడం తేలికే, రోజూ నడపడమే అసలు పని. ప్రింట్ చెడితే అందరూ ముందు మెషీన్‌నే అనుమానిస్తారు. చాలాసార్లు కారణం బెడ్ (ప్రింట్ తయారయ్యే పలక) మీది వేలిముద్రలే. చేతి జిడ్డు అంటిన చోట పీఎల్ఏ (ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్) పట్టుకోదు, మూలలు పైకి లేస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అప్పటికీ అంటకపోతే గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టండి. బెడ్ 60 డిగ్రీలు, నాజిల్ (కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే మొన) 200–210. మొదటి పొర పూర్తయ్యేదాకా విద్యార్థిని అక్కడి నుంచి కదలనివ్వకండి, బోలెడు ఫిలమెంట్ (ప్రింటర్‌కి ఎక్కించే ప్లాస్టిక్ తీగ) మిగులుతుంది.

వానాకాలంలో ఇంకో తంటా. నాజిల్ దగ్గర చిటపటలు, ప్రింట్ నిండా సన్నటి దారాలు కనిపిస్తే ఫిలమెంట్ చెమ్మ పీల్చుకుందన్నమాట. 45–50 డిగ్రీల దగ్గర 4–5 గంటలు ఆరబెట్టి, సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టాలి. ఏసీ గది ఉందిగా అనుకోవద్దు, రాత్రి ఏసీ ఆపేస్తారు కదా.

లేజర్ కట్టర్ దగ్గర మాత్రం మొహమాటం అస్సలు పనికిరాదు. అది ఏ షీటో తెలియకపోతే కోయొద్దు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ఊపిరితిత్తులకు చేటు, మెషీన్ లోపలి ఇనుమంతా తుప్పు పడుతుంది. అనుమానం ఉంటే, గాలి బాగా ఆడే చోట, ఎర్రగా కాల్చిన రాగి తీగను షీట్ ముక్కకు తాకించి మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే ఆ షీట్‌ని వెనక్కి ఇచ్చేయండి.