నిండకూడని చెరువు

మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింది పల్లె. జులై చివరి నుంచి మా ఇంట్లో పేపర్ రాగానే ముందు వెతికేది డ్యాం నీటిమట్టం. 590 అడుగులు పూర్తి మట్టం. ఎగువన శ్రీశైలం గేట్లు ఎత్తారంటే ఊరంతా పండగ. నీళ్లు పెరిగితే మంచి వార్త, తగ్గితే చెడ్డ వార్త. ఇందులో మూడో మాట ఉంటుందని అమెరికాలో మెంఫిస్ వచ్చేదాకా నాకు తెలియదు.

మెంఫిస్‌కు దక్షిణంగా, మిసిసిపీ రాష్ట్రంలో నాలుగు పెద్ద జలాశయాలున్నాయి: ఆర్కబట్ల, సార్డిస్, ఈనిడ్, గ్రెనడా. నేను ఎక్కువగా వెళ్లేది సార్డిస్‌కు. వేసవిలో దాని మట్టం 260 అడుగులు, చలికాలంలో 236. ఆ 24 అడుగుల నీళ్లు ఎండలకు ఇంకిపోయేవి కావు, ఏ పంటకూ పారేవి కావు. ఏటా వేసవి చివర్లో మొదలుపెట్టి, కావాలనే కిందికి వదిలేస్తారు.

ఈ సంగతి ఫోన్లో చెబితే మా నాయిన నమ్మలేదు. "గన్ని నీళ్లు వదిలేస్తే కింద నాట్లు ఎట్లరా?" అన్నాడు. కింద ఉన్నది పత్తి, సోయా వేసే డెల్టా, వాళ్లకు బోరునీళ్లున్నాయని చెప్పాను. ఆ రైతులు డ్యాంను అడిగేది నీళ్లు ఇమ్మని కాదు, మా మీదికి పంపొద్దని. 1927లో మిసిసిపీ నది పొంగి ఈ ప్రాంతాన్ని ముంచేసింది. ఆ తర్వాతే వరద ఆపడానికి ఆర్మీ ఇంజినీర్లు ఈ నాలుగూ కట్టారు. 1940లో సార్డిస్ మొదలు, 1954లో గ్రెనడా చివర. చలికాలం, వసంతం వానలకు చోటుండాలంటే ముందే ఖాళీగా ఉండాలి. నిండుగా కనిపిస్తే ఇక్కడి ఇంజినీర్లకు టెన్షన్. నాయిన అంతా విని, "అయితే అది చెరువు కాదు, ఖాళీ గాబు" అని తేల్చేశాడు.

నా ఉద్యోగం రాత్రిపూట. పార్సిళ్లు ఏది ఏ ఊరికో చూసి వేరుచేసే యంత్రాలున్నాయి, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ ఆగకుండా చూడటం మా టీం పని. ఇక్కడ సరుకుల విమానాలు అర్ధరాత్రికి దిగి తెల్లారేలోపు లేచిపోతాయి. సిస్టం పది నిమిషాలు మొరాయిస్తే పై నుంచి కింది దాకా ఫోన్లే ఫోన్లు. థాంక్స్‌గివింగ్ నుంచి క్రిస్మస్ దాకా సెలవు మాట ఎత్తకూడదు. జనవరి వచ్చేసరికి ఒళ్లు హూనమై ఉంటుంది, అయినా పగటిపూట నిద్ర పట్టదు. వారం మధ్యలో ఖాళీ దొరికితే మనవాళ్లంతా ఆఫీసుల్లో ఉంటారు. అలా షిఫ్ట్ దిగి, ఐ-55 హైవే మీద గంట దూరం వెళ్లి నీళ్ల పక్కన కూర్చోవడం అలవాటైంది.

దారి చూపింది మా దగ్గర కన్వేయర్ బెల్టుల మరమ్మతు చూసే పెద్దాయన. మిసిసిపీలోనే పుట్టి పెరిగాడు. క్రాపీ అనే ఇక్కడి చేపను పట్టడం నేర్పమని అడిగితే, జనవరిలో గాలం లేకుండా రమ్మన్నాడు. నీళ్లు వెనక్కి తగ్గి, మైళ్ల కొద్దీ అడుగు బయటపడి ఉంది. నెర్రెలిచ్చిన ఒండ్రు, ఆల్చిప్పలు, ఎప్పుడో నరికిన చెట్ల మొద్దులు, చేపలు చేరాలని జనం పాతిన కర్రల గుంపులు. మొద్దులకు అక్కడక్కడ తెగిపోయిన జిగ్గులు వేలాడుతున్నాయి. జిగ్గు అంటే చిన్న సీసపు తల, దానికి గాలం, తోకగా రంగు కుచ్చు. అవన్నీ తెంపి జేబులో వేసుకుంటూ, ప్రతి మొద్దు దగ్గరా ఆగి ఫోన్లో గుర్తు పెట్టాడు. "ఏప్రిల్లో నువ్వు పడవలో వచ్చి ఇక్కడే ఆగుతావు. అప్పటికి ఈ మొద్దు నీ పడవ కింద ఉంటుంది" అన్నాడు. ఇంకా ఏ పుస్తకం చదివినా ఆ ఒక్క పొద్దున తెలిసినంత తెలిసేది కాదు.

క్రాపీ పక్కలు చదునుగా ఉండే వెడల్పు చేప. తెల్లది, నల్లది రెండు రకాలు. తెల్ల క్రాపీలో ప్రపంచ రికార్డు పక్కనున్న ఈనిడ్‌లో 1957లో పడింది: 5 పౌండ్ల 3 ఔన్సులు, అంటే దాదాపు 2.35 కిలోలు. మామూలుగా పడేవి అందులో సగం కూడా ఉండవు.

ఇక నీళ్ల సంగతి. ఫిబ్రవరిలో వానలు పడి, లిటిల్ టాలహాచీ నది ఎర్రటి బురద మోసుకొస్తుంది. అప్పుడు పెద్దాయన మొదట చేసేది జిగ్గును పడవ పక్కన నీళ్లలోకి దింపి, ఎంత లోతులో కనబడకుండా పోతుందో చూడటం. బెత్తెడు దిగేలోపే మాయమైతే చేప పైపైనే, మొద్దునో పొదనో ఆనుకుని ఉంటుందంటాడు. ముదురు రంగు జిగ్గు కట్టి, నిటారుగా దింపి, కదపకుండా పట్టుకోవాలి. రెండు మూరలు కనిపిస్తే నీళ్లు తేరుకున్నట్టే. చేప లోతుకు దిగుతుంది, జిగ్గు రంగు లేతది కావాలి. ఎలాగైనా ఎరను చేపకన్నా కాస్త పైనే ఉంచాలి. క్రాపీ పైకి చూసి తింటుందే తప్ప కిందికి వంగదు.

నీళ్ల వేడి 60 ఫారన్‌హీట్ దాటగానే గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తుంది. మగది గూడు చేసి కాపలా కాస్తుంది. మట్టం పెరుగుతుంటే కొత్తగా మునిగిన పొదల్లోకి చేపలూ వెంటే వస్తాయి. అప్పుడు పడవ అక్కర్లేదు, నడుము లోతు నీళ్లలో దిగి పొడవాటి కర్రతో పట్టేవాళ్లే ఎక్కువ. అదే వారంలో గేట్లు ఎక్కువ తెరిచి నీళ్లు లాగేస్తే గూళ్లు గట్టున పడతాయి, ఆ ఏటి పిల్లలు పోయినట్టే. అందుకే ఏప్రిల్లో జాలరుల కళ్లన్నీ గేట్ల మీద. కింద డెల్టా రైతుల కళ్లూ అక్కడే, వేరే కారణానికి.

2023 మేలో ఆర్కబట్ల డ్యాం దెబ్బతిన్నదని తేలి, తెగే ప్రమాదం ఉందని నీళ్లు బాగా దించేశారు. చేపల కోసం గొణిగినవాళ్లున్నారు. కట్ట తెగితే ఏమవుతుందో తెలిసిన ఆయకట్టు మనిషిగా నాకు ఆ గొణుగుడు నచ్చలేదు.

గేట్లు తెరిచినప్పుడు డ్యాం కింద కాలువ ఒడ్డున జనం బారులు తీరి గాలాలేస్తారు. మా ఊళ్లో చెరువు అలుగు పారితే వలలు, బుట్టలు పట్టుకుని పరిగెత్తే జనమే గుర్తొచ్చింది. తేడా ఒక్కటే, ఇక్కడ ప్రతివాడి జేబులో లైసెన్సు, చేతిలో కొలబద్ద. సార్డిస్‌లో 12 అంగుళాలు దాటని క్రాపీని తిరిగి వదిలేయాలి. నేనుండేది టెనెసీలో కాబట్టి మిసిసిపీ లైసెన్సు బయటివాళ్ల రేటుకు కొనాలి. పాస్‌పోర్టు మీదా బయటివాణ్నే, చేపల దగ్గరా బయటివాణ్నే!

గాలం తగిలాక గట్టిగా లాగకూడదు. దీని నోటి చుట్టూ పొర కాగితమంత పల్చన, ఉల్లిపొరలా చిరిగిపోతుంది. మన కొర్రమీనును లాగినట్టు లాగితే గాలం మిగులుతుంది, చేప పోతుంది. మణికట్టు కాస్త ఎత్తి, కింద వల పెట్టి అందుకోవాలి.

మాంసం తెల్లగా, మెత్తగా ఉంటుంది. పులుసులో పెడితే విడిపోతుంది, వేపుడే మేలు. పెద్దాయన ముక్కలు కోసుకుని మొక్కజొన్న పిండి అద్ది నూనెలో వేస్తాడు, తలలు, నడిమి ముళ్లు పారేస్తాడు. అవి నేను అడిగి తెచ్చుకుంటాను. ఒకసారి తలకాయ పులుసు డబ్బాలో పెట్టి షిఫ్టుకు తీసుకెళ్లాను. ముళ్లు ఎక్కువని సణుగుతూనే, పెద్దాయన బ్రేక్ అయిపోయినా కూర్చుని తిన్నాడు.