జానెడు విమానం

ఆదివారం.

పొద్దున తొమ్మిది కాకముందే మేడ మీది గది పెనంలా కాలిపోతోంది. నల్లగొండ ఎండలో రంగు తొందరగా ఆరుతుందని సంబరపడతాను గానీ, కుంచె సీసాలోంచి రెక్క మీదికి వచ్చేలోపే చిక్కబడి తీగలు సాగుతుంటే ఏం చేయను? సామానంతా మూటగట్టుకుని కింద హాల్లోకి దిగాను. నేల మీద పాత క్యాలెండర్ పరిచి, కూలర్‌కు ఎదురుగా కాకుండా ఓ పక్కకు కూర్చున్నాను. ఎదురుగా కూర్చుంటే తడిరంగు మీద దుమ్మంతా వాలుతుంది.

అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ కాసేపు చూసింది. "పొద్దుగాల్నించి గా బొమ్మ పట్టుకొని కూసున్నవు. గదేమన్న కూడు వెడ్తదా బిడ్డా?"

పెట్టదు. పైగా నెల జీతంలో కొంత తింటోంది కూడా. ఆ లెక్క ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా రాయను.

బొమ్మ అంటే సెస్నా 172 విమానం, నలభై ఎనిమిదో వంతు కిట్, ప్లాస్టిక్ ముక్కలు అతికించి రంగులు వేసుకునేది. అసలు విమానం రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 11 మీటర్లు. 48తో భాగిస్తే 23 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా జానెడు. చెయ్యి చాచి కొలిచి చూసుకున్నాను, బొటనవేలు ఒక కొసకు, చిటికెన వేలు ఇంకో కొసకు తగిలాయి. 1956లో అమ్మకానికొచ్చిన నాలుగు సీట్ల విమానం ఇది. మధ్యలో కొన్నేళ్లు తయారీ ఆపినా ఇప్పటికి 44 వేలు దాటాయి. ప్రపంచంలో ఇంతకన్నా ఎక్కువగా తయారైన విమానం ఇంకోటి లేదు.

ఇన్ని వేలున్నా, నేను వీటి జాతి విమానాన్ని ఒక్కసారి కూడా పక్క నుంచి చూడలేదు. హాలియాలో పనిచేసిన రోజుల్లో సాగర్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి లేచిన ట్రైనింగ్ విమానాలు అప్పుడప్పుడు నెత్తి మీదుగా పోయేవి. బత్తాయి తోట పక్కన బండి ఆపి, హెల్మెట్ తీసి, మెడ పట్టేసేదాకా చూసేవాణ్ణి. అవి రెండు సీట్ల 152లు, దీనికి తమ్ముళ్లు. కింద నుంచి చూస్తే తేడా తెలియదు. తెల్లటి పొట్ట, లోపలికి ముడుచుకోని మూడు చక్రాలు, రెక్కలకు ఊతంగా చెరో కర్ర, ఎడమ రెక్క కింద నల్లటి అక్షరాలు. పైభాగం ఎట్లా ఉంటుందో ఫొటోల్లో చూసిందే. నాకు విమానమంటే పొట్టే.

అందుకే మూడు వారాలుగా నా పనంతా పొట్ట మీదనే. మామూలుగా కిట్లు చేసేవాళ్లు పైభాగాన్ని ముస్తాబు చేస్తారు, కింద ఎవరు చూస్తారులే అని వదిలేస్తారు. బాడీ రెండు సగాలుగా వస్తుంది కాబట్టి అతికించాక పొట్ట పొడుగునా ఒక గీత మిగులుతుంది, పల్లికాయ చీలికలాగా. దీన్ని పూడ్చడానికి బజారు పుట్టీ కన్నా మంచిది ఇంట్లోనే ఉంది. భాగాలు తుంచుకున్నాక మిగిలే ప్లాస్టిక్ చట్రాన్ని ముక్కలు చేసి, కిట్ గమ్ము సీసాలో వేస్తే రెండు రోజుల్లో దోసెపిండిలా కరుగుతుంది. అది టూత్‌పిక్‌తో గీత వెంట పూసి, బాగా గట్టిపడ్డాక 400 నంబర్ వాటర్ పేపర్‌తో, తర్వాత 1000 నంబర్‌తో రుద్దాలి. అదే ప్లాస్టిక్ కాబట్టి మళ్లీ పగుళ్లివ్వదు. అయితే గీతతో పాటు రివెట్ల చుక్కలూ అరిగిపోయాయి. టేపు అంటించి, దాని అంచు వెంట సూదితో ఒక్కో చుక్కా మళ్లీ పొడిచాను. నూటా నలభై దాకా లెక్కపెట్టి, ఇక విసుగొచ్చి మానేశాను.

కిట్‌లో పొగగొట్టం కడ్డీలా మూసుకుపోయి ఉంది. దాన్ని తొలవాలి. ఎదురింటన్న అవుసలి పని చేస్తాడు, ఆయన దగ్గర సన్న బరమా ఉందని తెలుసు. అడిగితే, "ముక్కుపుడక బెజ్జమంత సాలా తమ్మీ?" అన్నాడు. చాలు. తొలిచాక లోపల నల్లరంగు చుక్క వేసి, పెన్సిల్ ముల్లు పొడి ఇయర్‌బడ్‌తో అద్ది, పొగగొట్టం నుంచి తోక వైపు సన్నగా లాగాను. వాడకంలో ఉన్న విమానం పొట్టన అట్లా మసి చార ఒకటి ఉంటుంది. అది పడగానే బొమ్మ కాస్తా బండి అయింది.

కిట్‌లో వచ్చిన నంబర్ అమెరికాది. మన దేశపు విమానాలకు వీటీ అని మొదలై, తర్వాత మూడక్షరాలు ఉంటాయి. అంతర్జాతీయ నియమం ప్రకారం రెక్క కింది అక్షరాలు కనీసం 50 సెంటీమీటర్ల ఎత్తు, బాడీ పక్కన కనీసం 30 ఉండాలి. నా లెక్కకు పది మిల్లీమీటర్ల పైచిలుకు, ఆరు పైచిలుకు. నిన్న సాయంత్రం గడియారం సెంటర్ దగ్గర రేడియం షాపుకెళ్లి కొలతలు చెప్తే కుర్రాడు మొహం చిట్లించాడు. "ఏ బండి సార్? ఇంత చిన్న నంబర్ పోలీసోళ్లు ఒప్పుకోరు." విమానానికి అన్నాను. వాడు నవ్వలేదు. "వైట్ బోర్డా, ఎల్లో బోర్డా?" అని అడిగి కోసిచ్చాడు. ముప్పై రూపాయలు. వీటీ తర్వాతి మూడక్షరాలు మా అమ్మాయి పేరులోవి.

పక్కన అంటించే ఎర్రచారలు మాత్రం కిట్‌లోవే, నీళ్లలో నానబెట్టి జార్చేవి. మొదటిసారి బోరు నీళ్లు వాడి చెయ్యి కాల్చుకున్నాను, ఆరాక చుట్టూ తెల్లటి మరకలు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా ఊరి పేరే పెట్టారు, మా నీళ్ల సంగతి అంత ప్రసిద్ధం. ఆ సంగతి మరిచిపోయింది ఊళ్లో నేనొక్కణ్ణే కావచ్చు. ఇవాళ క్యాన్ నీళ్లు పోశాను, మరక పడలేదు.

అసలు తంటా మధ్యాహ్నం మొదలైంది. చక్రాలు అతికించి క్యాలెండర్ మీద నిలబెట్టగానే విమానం ముక్కు పైకెత్తి తోక మీద కూలబడింది. నిజం విమానానికి ముక్కులో ఇంజన్ బరువుంటుంది, దీనికేముంది, ఖాళీ డొల్ల. ఇది ముందే తెలిసి, పానగల్లు చెరువు దగ్గర చేపలు పట్టే ఆయన్ని అడిగి తెచ్చిన వలకు కట్టే సీసం గుండ్లు ఆరు ముక్కులో పెట్టే మూశాను. చాలలేదు. వెనక వేసిన పుట్టీ, రంగు పొరలు నా లెక్కలో లేవు. విప్పుదామంటే మూడు వారాల పని పోతుంది.

అరగంట దాన్ని వెల్లకిలా తిప్పుకుని కూర్చున్నాను. అప్పుడు కనబడింది. ఇంజన్ను చల్లబరిచిన గాలి బయటికి పోవడానికి ముక్కు కింద, పొట్ట మొదట్లో ఒక సందు ఉంటుంది. కిట్‌లో అది మూసేసి గీతలా మాత్రం చూపించారు. ఎట్లాగూ తెరవాల్సిందే! మళ్లీ బరమా, తర్వాత బ్లేడు. ఆ సందులోంచి ఇంకో నాలుగు గుండ్లు ఒక్కొక్కటే నెట్టి, వెనకాలే ఎంసీల్ ముద్ద దట్టించాను. ఫెవికాల్ అయితే సులువే గానీ సీసానికి పడదు, కొన్నాళ్లకు సీసం తెల్లగా పొంగి బాడీ పగులుతుంది.

ఎంసీల్ గట్టిపడేదాకా పని లేదు. అమ్మాయి వచ్చి పక్కన బోర్లా పడుకుంది. దానికి లాస్ వెగాస్ సంగతి చెప్పాను. 1958 డిసెంబరు 4న ఇద్దరు మనుషులు ఇట్లాంటి 172 లోనే ఎక్కి, 64 రోజుల 22 గంటల 19 నిమిషాలు కిందికి దిగలేదు. మరుసటేడు ఫిబ్రవరి 7న దిగారు. రోడ్డు మీద ట్రక్కు పోతుంటే దాని పైన తక్కువ ఎత్తులో, దాని వేగంతోనే ఎగురుతూ గొట్టం పైకి లాక్కుని పెట్రోలు పట్టుకునేవాళ్లు. పొట్ట కింద వేరే ట్యాంకు కట్టించుకున్నారు.

"ఇప్పుడు ఆ విమానం ఏడుంది డాడీ?"

"అక్కడి ఎయిర్‌పోర్టులనే, లగేజీ తీసుకునే కాడ పైకప్పుకు వేలాడదీసిండ్రు."

ఇక్కడ నేను నోరు జారినట్టు అప్పుడు తెలియలేదు.

నాలుగింటికి నిలబెడితే మూడు చక్రాల మీదా నిలబడింది. పదంటే పది సెకన్లు. తర్వాత కొత్త బరువుకు ఎడమ కాలు మెల్లగా పక్కకు జరిగి, టప్పున విరిగింది. ఈసారి తిట్టుకోలేదు. పాత సైకిల్ పుల్ల ముక్క కోసి, వంచి, ఆకురాయితో మొన తీసి కాలుగా పెట్టాను. చూస్తే ప్లాస్టిక్ కాలు కన్నా ఇదే బాగుంది, అసలు విమానానికి కూడా స్టీలు కాళ్లే మరి. దాంతో రెండో కాలు బాగానే ఉన్నా దాన్నీ పీకేసి పుల్ల పెట్టాను. నన్నెవరూ ఆపలేదు.

ఆరింటికి షోకేసులో అమ్మ వెండి కుంకుమ భరిణె పక్కన పెట్టాను. మూడు చక్రాల మీద దర్జాగా ఉంది. అందరినీ పిలిచాను. అమ్మాయి అటూ ఇటూ చూసి, "నా పేరేది?" అంది.

"రెక్క కింద."

వంగి చూసింది. కనబడలేదు. షోకేసు అరకు చెంప ఆనించింది. ఊహూఁ. "మీద గడితెనే కద కనవడేది. ఆ ఎయిర్‌పోర్టుల లెక్క."

కాదనడానికి ఏముంది? చేపల గాలం దారం రెక్కల మొదట్లో కట్టి, స్టూలెక్కి, సీలింగులో ఊయల కొక్కేనికి వేలాడదీశాను. వదలగానే విమానం ముక్కు బాగా కిందికి దించి, కూలరు గాలికి మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. పది సీసం గుండ్లు మరి.

"ఏడికి దిగుతుందిరా గది?" అంది అమ్మ గుమ్మంలోంచి.

"సాగర్‌కు నానమ్మా," అని అమ్మాయి నేల మీద వెల్లకిలా పడుకుని, వీటీ నుంచి ఒక్కో అక్షరం చదవడం మొదలుపెట్టింది. ముక్కుకు ఇంకో దారం రేపు కడతాను.