అగ్గి తెగులు కోసం వెతికితే పొద్దు దొరికింది

మాది నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర ఒక పల్లె. కాలువ కింద మూడెకరాల వరి ఉంది. నేను ఎమ్మెస్సీ బయోటెక్నాలజీలో చేరడానికి ముందు ఏడాది నాయన బీపీటీ 5204 అనే వరి రకం వేశాడు. అన్నానికి బాగుంటుంది, రేటు పలుకుతుంది, కానీ శిలీంద్రం వల్ల వచ్చే అగ్గి తెగులును తట్టుకునే శక్తి దానికి తక్కువ. డిసెంబరులో మంచు పట్టింది. ఆకుల మీద నూలు కండె ఆకారంలో మచ్చలు, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు. ట్రైసైక్లజోల్ మందు కొట్టేసరికే ఆలస్యమైంది. వెన్ను తీశాక మెడ దగ్గర నల్లబడి విరిగింది. ఎకరాకు మూడు పుట్లు రావలసిన చోట ఒకటిన్నర వచ్చింది. మా వైపు పుట్టి అంటే 850 కిలోలు, లెక్క మీరే వేసుకోండి.

అందుకే చివరి సెమిస్టర్ ప్రాజెక్టు అనగానే నా నోట అగ్గి తెగులు మాటే వచ్చింది. ఆకులో ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో తెలియాలంటే ల్యాబ్‌లో ఆర్ఎన్ఏ తీసి సీక్వెన్సింగ్ (చదివించడం) చేయించాలి, ఆ డబ్బు లేదు. మేడమ్ అన్నారు, "ప్రపంచంలో చాలామంది చేసి డేటా అందరికీ ఇచ్చారు. దాన్నే తీసుకుని వరిలో జన్యువుల నెట్‌వర్క్ కట్టి చూడు."

నెట్‌వర్క్ అంటే మొదట నాకు అర్థమైంది ఇంతే. ఒక్కో జన్యువు ఒక చుక్క. రెండు జన్యువుల పని అన్ని ఆకు నమూనాల్లోనూ కలిసి పెరిగి, కలిసి తగ్గుతుంటే వాటి మధ్య ఒక గీత. ఊళ్ళో రెండు ఇళ్ళ దీపాలు ఎప్పుడూ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరితే ఆ రెండిళ్ళకూ ఏదో సంబంధం ఉందనుకుంటాం కదా, అలాగ. గీతలు దట్టంగా ఉన్న గుంపును మాడ్యూల్ అంటారు. ఆ గుంపులో ఎక్కువమందితో ముడిపడిన జన్యువు హబ్.

వరికి ఈ పని చేయడానికి పునాది 2005లోనే పడింది. నిప్పోన్‌బారే అనే జపాన్ రకం జన్యుపటం మొత్తం ఆ ఏడాది వచ్చింది. 12 క్రోమోజోముల్లో 11వ దానిలో కొంత భాగం మన దేశంవాళ్ళే చదివారు. ఆ సంగతి తెలిసిన రోజు చాలా సంతోషం వేసింది.

మొదటి దెబ్బ పేర్ల దగ్గర తగిలింది. వరి జన్యువులకు రెండు రకాల నంబర్లు వాడుకలో ఉన్నాయి. ఒకటి 'ఓఎస్' అని మొదలవుతుంది, ఇంకొకటి 'లాక్' అని. జన్యువు ఒకటే, నంబరు వేరు. ఒక ఫైలు ఒక పద్ధతిలో, ఇంకోటి మరో పద్ధతిలో ఉంటే రెండూ కలవవు. మార్పిడి పట్టిక ఉందని తెలిసేసరికి పది రోజులు పోయాయి.

తర్వాత ల్యాప్‌టాప్. నాది 4 జీబీ ర్యామ్. 20 వేల జన్యువులు తీసుకుంటే జతలు దాదాపు 20 కోట్లు. ఆ పట్టిక ఒక్కటే 3.2 జీబీ మింగుతుంది. ప్రతిసారీ స్క్రీన్ బిగుసుకుపోయేది. చివరికి నమూనా నుంచి నమూనాకు బాగా మారే 8 వేల జన్యువులనే ఉంచాను, పట్టిక అర జీబీకి దిగింది.

లాంగ్‌ఫెల్డర్, హోర్వాత్ 2008లో ఇచ్చిన డబ్ల్యూజీసీఎన్ఏ అనే, ఇలాంటి నెట్‌వర్క్ కట్టే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ వాడాను. అందులో నాకు బాగా నచ్చింది ఘాతం సంగతి. రెండు జన్యువులు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె, అంటే సహసంబంధం, 0.9 ఉంటే దాన్ని ఆరో ఘాతానికి ఎక్కిస్తే 0.53 మిగులుతుంది. 0.5 ఉన్నది 0.016కి పడిపోతుంది. గట్టి బంధం నిలుస్తుంది, ఉత్తుత్తిది రాలిపోతుంది. చెరిగితే తాలు ఎగిరిపోయినట్టు.

ఫలితం వచ్చింది. మాడ్యూళ్ళకు ఆ ప్యాకేజీయే రంగుల పేర్లు పెడుతుంది, అన్నిటికన్నా పెద్దది టర్కాయిజ్. నాకొచ్చిన టర్కాయిజ్‌లో రెండు వేలకు పైగా జన్యువులు. తెగులు సోకిన ఆకుల్లో ఒక తీరు, ఆరోగ్యంగా ఉన్న ఆకుల్లో సరిగ్గా దానికి ఎదురు తీరు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అగ్గి తెగులు గుట్టు దొరికిందనే అనుకున్నాను. నాయనకు ఫోన్ చేసి చెప్పాను కూడా.

రెండు రోజుల తర్వాత హబ్‌ల జాబితా నింపుతుంటే ఎల్‌హెచ్‌వై కనిపించింది. దాని కింద జీఐ. చేయి ఆగిపోయింది. అవి మొక్కలోని గడియారపు జన్యువులు. ఎల్‌హెచ్‌వై తెల్లవారుజామున హెచ్చుతుంది, జీఐ పొద్దుగూకే వేళకు. వీటికి అగ్గి తెగులుతో ఏం పని?

డేటాతో పాటు ఇచ్చిన వివరాల పత్రం మళ్ళీ తెరిచాను. ఆరోగ్యంగా ఉన్న ఆకులన్నీ '0 గంటలు', అంటే శిలీంద్రం చల్లకముందు పొద్దున కోసినవి. తెగులు ఆకులన్నీ '12 గంటలు', అంటే అదే రోజు సాయంత్రం కోసినవి. నేను కట్టింది తెగులు నెట్‌వర్క్ కాదు, పొద్దుటికీ సాయంత్రానికీ ఉన్న తేడా. సాయంత్రమైతే ఊళ్ళో అన్ని ఇళ్ళలోనూ దీపాలు వెలుగుతాయి, అంతమాత్రాన అందరూ చుట్టాలు కారు. తప్పు ఆ డేటా ఇచ్చినవాళ్ళది కాదు. వాళ్ళు గంటలు స్పష్టంగా రాశారు. నేనే చదవలేదు.

మేడమ్ ముందు కూర్చుని చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆవిడ కోప్పడలేదు. "నీ అంతట నువ్వే పట్టుకున్నావు కదా, మళ్ళీ చెయ్యి" అన్నారు. గడువు ఐదు వారాలే. ఆ టెన్షన్‌లో అన్నం కూడా సయించలేదు.

ఈసారి డేటా వెతకడానికే వారం పెట్టాను. ప్రతి సమయంలోనూ తెగులు ఆకుతో పాటు, శిలీంద్రం లేని ద్రావణం చల్లిన ఆకునూ కోసిన ప్రయోగం కావాలి. 15 కన్నా తక్కువ నమూనాలతో ఈ పద్ధతిని నమ్మకూడదు. 24 నమూనాలున్నది ఒకటి దొరికింది.

కొత్త మాడ్యూల్ చిన్నది, మూడు వందల జన్యువులు. తెరిచి చూస్తే శిలీంద్రపు గోడను కొరికే కైటినేజ్ ఎంజైముల జన్యువులు ఉన్నాయి, వరి రక్షణను నడిపించే డబ్ల్యూఆర్‌కేవై 45 అనే జన్యువు ఉంది. నాలుగో క్రోమోజోము మీద పక్కపక్కనే ఉండే కేఎస్ఎల్ 4, సీపీఎస్ 4 కూడా ఉన్నాయి. అవి మోమిలాక్టోన్ అనే రక్షణ పదార్థం తయారుచేసే జన్యువులు. జపాన్ భాషలో 'మోమి' అంటే వడ్లు. ఆ పదార్థాన్ని మొదట వరి ఊకలోనే కనుక్కున్నారు. మేం ఇటుకల బట్టీకి తోలే ఊక! ఆ రాత్రీ నిద్ర పట్టలేదు, కానీ ఈసారి నాయనకు ఫోన్ చేయకుండా నాలుగు రోజులు ఆగాను.

డబ్ల్యూఆర్‌కేవై 45 నా హబ్‌ల జాబితాలో పైన లేదు. అయినా దాన్ని ఎక్కువగా పనిచేయిస్తే వరి అగ్గి తెగులును గట్టిగా తట్టుకుంటుందని జపాన్‌లో మొక్కల మీద చేసి చూపించారు. ఎవరి గీతలు ఎక్కువో నా బొమ్మ చెబుతుంది, ఎవరు ఎవరికి ఆజ్ఞ ఇచ్చారో చెప్పదు. వైవాలో ఎగ్జామినర్ అడిగింది అదే, "దీనికి ల్యాబ్‌లో రుజువు ఉందా?" లేదు సార్ అన్నాను. ఏం చేస్తే రుజువవుతుందో చెప్పమన్నారు, చెప్పాను. పాసయ్యాను.

ఆ రుజువు కోసమే ఈ సీజన్‌లో ఇంటి వెనక కుండీలు పెట్టాం. సగం బీపీటీ 5204, సగం అగ్గి తెగులును తట్టుకునే ఎన్ఎల్ఆర్ 34449. మచ్చ పడగానే ఆకులు కోసి లిక్విడ్ నైట్రోజన్‌లో వేయాలి, ఆ క్యాన్ మేడమ్ ఇప్పిస్తున్నారు. నోట్‌బుక్‌లో మొదటి గడి 'కోసిన సమయం'. రెండు రకాలూ పొద్దున ఏడింటికే కోయాలని నాయనకు చెప్పాను.

"రెండూ ఒకే పాలి కోయాలంటే ఇంకో మనిషి కావాల గదమ్మా," అన్నాడు. "నేనొస్తాలే."