కోనన్ ఊళ్ళో గాచా, కితారో వీధిలో కంటిగుడ్డు

ఒసాకాలో మేముండే చోటికి నిప్పోంబాషి డెన్‌డెన్ టౌన్ పెద్ద దూరం కాదు. జపాన్ కామిక్స్‌లోని బుల్లి డిటెక్టివ్ కోనన్ బొమ్మ, బ్యాడ్జీ, ఫైలు, ఏది కావాలన్నా అక్కడి సెకండ్‌హ్యాండ్ కొట్లలో దొరుకుతుంది. అలాంటప్పుడు మూడు గంటల పైచిలుకు రైల్లో కూర్చుని తొత్తోరి దాకా పోవడం దేనికని మావారి ప్రశ్న. "అక్కడ దొరికేవి ఇక్కడ దొరకవు నాన్నా" అంది మా అమ్మాయి. జపాన్‌లో ఈ సరుకుల వ్యాపారంలో సగం ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

తొత్తోరి దేశంలోకెల్లా తక్కువ జనాభా ఉన్న ప్రిఫెక్చర్, అంటే మన రాష్ట్రం లాంటిది. పెద్ద నగరం లేదు, బుల్లెట్ రైలు లేదు. ఉన్న రెండు విమానాశ్రయాలకూ మాత్రం కామిక్ పాత్రల పేర్లే పెట్టుకున్నారు, ఒకదానికి కోనన్, ఇంకోదానికి కితారో. ఒకడు డిటెక్టివ్, ఒకడు దెయ్యాల పిల్లాడు. వాళ్ళను సృష్టించిన ఇద్దరూ ఈ గడ్డ మీద పెరిగినవాళ్ళే.

కురయోషిలో ఎక్స్‌ప్రెస్ దిగి ప్యాసింజర్ ఎక్కితే రెండో స్టేషన్ యురా. బోర్డు మీద ఆ పేరుతో పాటు 'కోనన్ స్టేషన్' అని కూడా ఉంటుంది. కోనన్‌ను సృష్టించిన గోషో అవోయామా ఈ హొకుయే ఊరివాడే, పుట్టింది 1963లో. 1994లో మొదలైన కోనన్ కథ ఇప్పటికి నూరు సంపుటాలు దాటినా ఆ పిల్లాడింకా ఒకటో తరగతిలోనే ఉన్నాడు. స్టేషన్ నుంచి మ్యూజియం దాకా కిలోమీటరున్నర లోపు నడక. దారంతా కంచు విగ్రహాలు, వంతెన మీద కోనన్, కాలి కింద మ్యాన్‌హోల్ మూత మీదా కోనన్. మిగతాదంతా పొలాల ఊరు. ఇక్కడి పుచ్చకాయకు దేశమంతా పేరుంది.

2007లో తెరిచిన మ్యూజియంలో, కథలో కోనన్ వాడే గొంతు మార్చే బో-టై ఉంది. మా అమ్మాయి దాంట్లో మాట్లాడి, వచ్చిన గొంతు విని పగలబడి నవ్వింది. అవోయామా గీతల ముందు నేను కాసేపు ఆగాను కానీ, పిల్ల కళ్ళన్నీ బయట కొట్టు మీదే.

ఆ కొట్టు సంగతి కాస్త చెప్పాలి. బ్యాడ్జీలు సీలు వేసిన వెండిరంగు ప్యాకెట్లలో ఉంటాయి, లోపల ఎవరున్నారో విప్పేదాకా తెలియదు. పక్కన గాచా మెషీన్లు. నాణేలు వేసి పిడి తిప్పితే గరగరమని ప్లాస్టిక్ గుండు ఒకటి కింద పడుతుంది. ఆటకు 300 నుంచి 500 యెన్‌లు, అంటే 500 పెడితే మన డబ్బుల్లో దాదాపు మూడు వందలు. మా అమ్మాయికి కావలసింది కోనన్ కథలోని హైబరా అనే అమ్మాయి. వచ్చింది అదే కథలోని ఇన్‌స్పెక్టర్ మెగురే. మళ్ళీ తిప్పితే మళ్ళీ మెగురే, అదే టోపీ, అవే మీసాలు. "అమ్మా, ఇంకొక్కసారే" అంది. నన్నడిగితే ఇది లాటరీయే, పిల్లలకు ముద్దుగా చుట్టి ఇస్తున్నారంతే. అయినా పర్సు తీశాను.

హైబరా చివరికి మెషీన్లోంచి రాలేదు. యురా స్టేషన్లో బెంచీ మీద మా పక్కనే ఇద్దరు హైస్కూలు అమ్మాయిలు తమ బొమ్మలు పరిచి చూసుకుంటున్నారు. వాళ్ళ సంచీకి ఒకవైపంతా ప్లాస్టిక్ షీటు కింద వరసలు వరసలుగా బ్యాడ్జీలు, అన్నీ ఒకే పాత్రవి. మా పిల్ల చేతిలో రెండు మెగురేలు చూసి, ఒకమ్మాయి తన దగ్గరున్న రెండో హైబరాను రెండు చేతులతో ముందుకు జరిపింది. ఆమె సెట్టులో మెగురే ఒక్కడే తక్కువట. ఇద్దరూ వంగి వంగి దణ్ణాలు పెట్టుకున్నారు. కొట్లలో చాలాచోట్ల ఇలా మార్చుకోనివ్వరు కాబట్టి బేరాలన్నీ స్టేషన్ బెంచీల మీదే.

వాళ్ళను చూస్తుంటే మన షాడో, యుగంధర్ గుర్తొచ్చారు. అద్దె పుస్తకాల కొట్లో క్యూ కట్టి, పేజీలు ఊడిపోయేదాకా చదివాం. వాళ్ళ బొమ్మతో నేనెప్పుడూ ఒక్క కీచైన్ చూసి ఎరగను. గాచాలో షాడో పడితే నేనూ నాణేలు లెక్కపెట్టేదాన్ని కాదు.

యురా నుంచి యొనాగో, అక్కణ్ణుంచి ఒళ్ళంతా బొమ్మలేసిన కితారో రైల్లో సకాయిమినాతో. ఇది కితారోను సృష్టించిన షిగేరు మిజుకి పెరిగిన రేవు పట్నం. యుద్ధంలో ఎడమ చెయ్యి పోగొట్టుకుని వచ్చి, మిగిలిన చేత్తోనే జీవితమంతా దెయ్యాలను గీశాడు. 1968 నుంచి 2010ల దాకా ఏ దశాబ్దమూ కితారో కొత్త టీవీ సిరీస్ లేకుండా పోలేదు. ఆయన పేరిట ఉన్న వీధిలో 170కి పైగా కంచు యోకాయ్‌లు, అంటే జపాన్ జానపద దెయ్యాల బొమ్మలున్నాయి. చాలావరకు చిన్నవే, వంగి చూడాలి. జనం నిమిరి నిమిరి కొన్నిటి నెత్తి బంగారంలా మెరుస్తోంది.

ఇక్కడ నాకు నచ్చింది స్టాంపుల పుస్తకం. చిన్న పుస్తకం కొనుక్కుని వీధి పొడుగునా తిరుగుతూ, కొట్ల ముందున్న రబ్బరు స్టాంపులు మనమే కొట్టుకోవాలి. సీలు ప్యాకెట్ల జూదం లేదు, కాళ్ళకు మాత్రం పని. చేపల కొట్టు ముందూ, మందుల షాపు ముందూ ఆగుతుంటే ఊరంతా తెలిసిపోయింది.

కితారో తండ్రి వట్టి కంటిగుడ్డు. దానికే కాళ్ళూ చేతులూ. ఆ కంటిగుడ్డు ఆకారంలో పుల్లకు గుచ్చిన మిఠాయి అమ్ముతారు. పిల్ల ముట్టుకోలేదు, మావారు నిక్షేపంగా తిన్నారు. నేను కంటిగుడ్డు కీచైన్ ఒకటి కొన్నాను.

రాత్రి వీడియో కాల్లో దాన్ని అత్తగారికి చూపిస్తే ఛీ అంటారనుకున్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశారు. "ఇంకాస్త పెద్దది దొరుకుతుందేమో చూడమ్మా, దిష్టికి గుమ్మానికి కడదాం" అన్నారు.