లోడుతో ఘాట్ ఎక్కే గేరు, తక్కువ ఖర్చులో

సైకిల్‌కు సామాన్లు కట్టుకుని, శ్రీశైలం దారిలోని మన్ననూర్ ఘాట్ ఎక్కేటప్పుడు ముందు 28, వెనక 28 పళ్ల గేరు మోకాళ్లను చంపుతుంది. కొత్త క్రాంక్ (పెడల్ తిప్పే చేతుల సెట్) కొనకండి, మొదట వెనక చక్రానికుండే ఫ్రీవీల్ (పళ్లచక్రాల గుత్తి) మార్చండి. 7 స్పీడ్‌లో 14 నుంచి 28 పళ్లది తీసి 14 నుంచి 34 పళ్లది వేస్తే, అతి పెద్ద గేరు దాదాపు 18 శాతం తేలిక.

ఫ్రీవీల్ ఊడదీసే రిమూవర్‌ను వైస్‌లో (బల్లకు బిగించిన పట్టులో) బిగించి, దానిమీద చక్రాన్ని కూర్చోబెట్టి స్టీరింగ్‌లా ఎడమకు తిప్పితే ఊడుతుంది. కొత్తది ఎక్కించే ముందు మరలకు గ్రీజు తప్పదు.

అసలు దెబ్బ తగిలేది చైన్ దగ్గరే. పాత పొడవే ఉంచి, అది చాలకపోతే, ముందు పెద్ద, వెనక పెద్ద పళ్లచక్రాల మీదికి మార్చినప్పుడు డీరైలర్ (వెనక చైన్‌ను గేరు మార్చే భాగం) విరగొచ్చు. చైన్‌ను డీరైలర్‌లోంచి పోనివ్వకుండా ఆ రెండు పెద్ద చక్రాల చుట్టూ చుట్టి, రెండు లింకులు ఎక్కువ ఉంచండి. డీరైలర్ పై పుల్లీ (చిన్న చక్రం) 34 పళ్ల చక్రానికి రాసుకుంటే, దాన్ని దూరం జరిపే బీ స్క్రూ బిగించాలి. డీరైలర్ 34 పళ్లకు పనికొచ్చేదేనా అన్నది కొనకముందే చూసుకోండి.

ముందున్న పళ్లచక్రాలు, అంటే చైన్‌రింగ్‌లు, బోల్టులతో ఉంటే లోపలిది 24 పళ్లకు దించొచ్చు, రివెట్లయితే కుదరదు.