సూది వేసే చెయ్యి

2021 జూన్ 20, ఆదివారం

పొద్దున్నే వాలంటీరు పిల్లోడు తలుపు కొట్టాడు. రాష్ట్రమంతా ఇవాళ కరోనా టీకాలంట. 45 ఏళ్ళు దాటినవాళ్ళకీ, అయిదేళ్ళలోపు బిడ్డలున్న తల్లులకీ. అంటే మా ఇంట్లో అత్తకీ నాకూ.

నా సంగతి సరే, అత్తను కదిలించడమే కష్టం. అరవై దాటినవాళ్ళకు మార్చిలోనే మొదలుపెట్టినా ససేమిరా అంది. "చిన్నప్పుడే పొడిపించుకున్నాలే మే" అని జబ్బ మీద మశూచి టీకా మచ్చ చూపించేది. ఆ మచ్చలు కోట్లమంది చేతుల మీద పడబట్టే కదా, 1975 తర్వాత మన దేశంలో ఆ జబ్బు ఎవరికీ అంటుకోలేదు! ఎన్నిసార్లు చెప్పినా తల ఊపి ఊరుకునేది.

ఇవాళ మాత్రం ఒకే మాట అడిగింది. "ఎవరు వేస్తారంట?" మన నర్సమ్మే అన్నాను. "ముందే చెప్పొచ్చు గదా" అంటూ ఉతికిన చీర కట్టుకుంది. మా చంటోడి తట్టు టీకా, పోలియో చుక్కలు అన్నీ ఆమె చేతి మీదుగానే పడ్డాయి. వాడికి జొరం వస్తే మర్నాడు ఇంటికొచ్చి చూసిపోయిన మనిషి.

గ్రామ సచివాలయం ముందు షామియానా కింద జనం బాగానే ఉన్నారు. పొగాకు రైతు ఒకాయన మే నెలలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. బేళ్ళు వేలానికి తోలాలన్నా, నలుగురిలో తిరగాలన్నా భయంగా ఉందన్నాడు. నా పక్కన కూర్చున్న కూలికిపోయే ఆమెకు జబ్బు భయం కన్నా జొరం వచ్చి కూలి పోతుందేమోననే దిగులు ఎక్కువ. ఆ దిగులును తీసిపారేయకూడదు. రెండు రోజుల కూలంటే ఆ ఇంటికి చిన్న విషయం కాదు. నర్సమ్మ కూడా తీసిపారేయలేదు. "జొరం వచ్చినా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోద్ది. జబ్బుతో ఎట్టా పోరాడాలో ఒళ్ళు నేర్చుకుంటా ఉంటే అట్టా అవుద్ది" అని మాత్రలిచ్చి, ఎప్పుడేసుకోవాలో రెండుసార్లు చెప్పింది. ఆ కూలికిపోయే ఆమె లేచి తనే చెయ్యి చాపింది.

నాకైతే అక్కడ అర్థమైంది ఇదే. కోవాగ్జిన్‌ను 25,800 మంది మీద పరీక్షించి చూశారని పేపర్లో చదివి నేను ధైర్యం తెచ్చుకున్నా. చదువు రాని మనిషి ధైర్యం తెచ్చుకునేది తన బిడ్డకు సూది వేసిన చేతిని చూసి. అది మూఢనమ్మకం కాదు. ఏళ్ళ తరబడి చూసి, సరిపోల్చుకుని తేల్చుకున్నదే.

మాకు వేసింది మాత్రం ఇంకో టీకా, కోవిషీల్డు. రెండోది 84 రోజుల తర్వాతంట. అరగంట కూర్చోబెట్టి పంపించారు. సాయంత్రానికి నాకు ఒళ్ళంతా నొప్పులు. అత్త మాత్రం దిట్టంగా ఉంది. ప్రహరీ మీదుగా పక్కింటి పెదమ్మకు "చీమ కుట్టినట్టు కూడా లేదు" అని చెప్తోంది.

ఆ పెదమ్మ పోయిన నెల కృష్ణపట్నం మందు, అదే కరోనాకని ఆనందయ్య ఇచ్చే నాటుమందు, తెప్పించుకుంది. ఇంక సూది ఎందుకంటది. ఆమెనేమీ అనబుద్ధి కాలేదు. జబ్బు గడప తొక్కకముందే ఏదో ఒకటి చేసుకోవాలనే ఆరాటం అందరిదీ ఒకటే. కాకపోతే మందు తెప్పించుకున్నాం కదా అని టీకా మానేస్తేనే భయం. ఆమెకు షుగరు కూడా ఉంది. రేపు నర్సమ్మ ఇటు వచ్చినప్పుడు వాళ్ళింట్లో కాసేపు కూర్చోమని అడగాలి.