టీవీలో సముద్రం

ఓడ ఎక్కిన మర్నాడు నాకు మెలకువ వచ్చేసరికి అది తెల్లవారుజామో మిట్టమధ్యాహ్నమో అర్థం కాలేదు. మాది కిటికీ లేని గది. లైటు తీసేస్తే కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి. "టైమెంతయిందండీ" అని మా ఆయన్ని తట్టి లేపితే, ఫోన్ కోసం తడుముకుని, బల్ల మీది నీళ్ళ గ్లాసు పడేసి, "పదిన్నర" అన్నారు. టిఫిన్లు కట్టేసి అప్పటికే అరగంటయింది. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగాల్సిన వాళ్ళంతా దిగిపోయారు.

ఈ గది ఆయన ఎంపికే. బాల్కనీ ఉన్న గదికి దాదాపు రెట్టింపు అడిగారు. "గది పడుకోవడానికే కదా, మిగతా ఓడంతా మనదే" అన్నారు. బుక్ చేసిన రోజు నాకూ ఆ మాట సబబుగానే తోచింది. బార్సిలోనాలో ఎక్కి మార్సెయ్, జెనోవా, నేపుల్స్, మెస్సీనా, మాల్టాలో వాలెట్టా చూసి, చివర ఒక రోజంతా నీళ్ళ మీదే గడిపి మళ్ళీ బార్సిలోనాలో దిగే ఏడు రాత్రుల ట్రిప్పు. అందరూ చేసే రూటే.

ఆ గదిలో మిగిలిన డబ్బు మరో దారిన పోయింది. నేను భోజనంతో ఒక గ్లాసు వైన్ తాగుదామనుకున్నాను. డ్రింక్స్ ప్యాకేజీ తీసుకుంటే గదిలో ఉన్న పెద్దవాళ్ళిద్దరూ తీసుకోవాలట. మా ఆయన మందు ముట్టరు. "నేను తాగనని రాసిస్తాను" అని కౌంటర్లో అమ్మాయితో పావుగంట వాదించారు. ఆ అమ్మాయి చిరునవ్వు చెదరకుండా అదే రూలు నాలుగుసార్లు చెప్పింది. చివరికి ప్యాకేజీ మానేసి గ్లాసుకింత అని కొనుక్కున్నాను. ప్రతి గ్లాసుకీ ఆయన బిల్లు వైపు చూసే చూపుతో వైన్ సగం దిగేది. ఇవి కాక టిప్పులు, రోజుకి మనిషికింత అని వాటంతటవే మా లెక్కలో పడిపోయేవి.

డబ్బు సంగతి ఎలా ఉన్నా, నాకు అసలు కోపం వచ్చింది ఇంకో విషయానికి. అంత పెద్ద ఓడలో సముద్రం ఎక్కడా కనిపించదు. కింది అంతస్తుల్లో షాపులు, క్యాసినో, థియేటరు, ఒక్కదానికీ కిటికీ లేదు. బఫేలో కిటికీ పక్క బల్లలు ఎప్పుడు వెళ్ళినా నిండే ఉంటాయి. పై డెక్ మీద గాలికి అడ్డంగా మనిషికంటే ఎత్తున అద్దాలు. కుర్చీలన్నీ ఈతకొలను వైపూ, దాని మీద వేలాడే పెద్ద తెర వైపూ తిప్పి ఉంటాయి. కొన్ని వేల మంది సముద్రానికి వీపు పెట్టి పడుకుని ఎండ కాచుకుంటున్నారు. వాసన కూడా ఉప్పుగాలిది కాదు, క్లోరిన్‌ది.

మా ఆయనకి ఇవేమీ పట్టలేదు. ఆయనకి టీవీలో ఒక ఛానెల్ దొరికింది. ఓడ ముందు భాగాన బిగించిన కెమెరా నుంచి వచ్చే బొమ్మ. పాటలేదు, మాటలేదు. ఎదురుగా నీళ్ళు, పైన ఆకాశం, మూలన వేగం, దిక్కు. "ఇదిగో నీ కిటికీ" అన్నారు. రాత్రంతా దాన్నలాగే వదిలేసేవాళ్ళం. తెర నల్లగా ఉంటే రాత్రి, బూడిద రంగుకి తిరిగితే తెల్లవారుతోందని. టిఫిన్ మళ్ళీ తప్పలేదు. ఆ ఛానెల్ చూస్తూ ఆయన నాకు పాఠాలు కూడా చెప్పారు. ఓడకి ఎడమ పక్కన ఎర్రదీపం, కుడి పక్కన పచ్చదీపం ఉంటాయట. దూరాన రాత్రి ఎర్రదీపం కనిపిస్తే అవతలి ఓడ తన ఎడమ పక్క మనకి చూపిస్తోందని అర్థమట.

ఇంత తెలిసిన మనిషి, ఎక్కిన రోజు ప్రమాద సూచన డ్రిల్లుకి మాత్రం రానన్నారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత మోగితే ఎక్కడికి చేరాలో వీడియోలో చూసి, ఆ చోటికి వెళ్ళి కార్డు చూపించి రావాలి. ఆయన గదిలో పెట్టె సర్దుకుంటుంటే మా గది నంబరు మైకులో పిలిచారు. అప్పుడు కదిలారు. 2012 జనవరిలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ ఇటలీలోని జిలియో ద్వీపం దగ్గర రాయికి కొట్టుకుని ఒరిగిపోయి 32 మంది పోయారు కదా. ఆ సాయంత్రమే ఎక్కిన వాళ్ళకి అప్పటికింకా డ్రిల్లు కాలేదు. ఆ తర్వాతే ఓడ బయల్దేరేలోగా, లేదంటే బయల్దేరిన వెంటనే డ్రిల్లు జరిగి తీరాలని అంతర్జాతీయంగా రూలు మార్చారు. మెట్లు దిగుతూ ఇదంతా నాకు చెప్పింది ఎవరనుకున్నారు, ఆయనే.

జెనోవా గురించి రాయడానికేమీ లేదు, వాన. నేపుల్స్‌లో ఎండకి తిరిగి తిరిగి కాళ్ళు వాచి, ఓడ కదలకముందే మంచమెక్కాం.

ఆ రాత్రి ఎందుకో మెలకువ వచ్చింది. టీవీ నల్లగా ఉంది. మూలన అంకెలు తప్ప ఇంకేమీ లేదు. చూస్తూండగా తెరలో కుడి పక్కన ఒక ఎర్రచుక్క వెలిగింది. సరే, ఏదో ఓడ, ఎడమ పక్క చూపిస్తోందనుకున్నాను. చుక్క కొంచెం పెద్దదై, నారింజ రంగుకి తిరిగి, ఆరిపోయింది. ఓడ దీపం ఆరిపోదు కదా. టీవీ పాడైందేమో అనుకుని కళ్ళు మూశాను. నిద్ర పట్టలేదు. చాలాసేపటికి అదే చోట మళ్ళీ వెలిగింది, ఈసారి ఇంకొంచెం పైకి ఎగిసింది.

అప్పుడు గుర్తొచ్చింది, నేపుల్స్ నుంచి మెస్సీనాకి దారిలోనే స్ట్రాంబోలీ అగ్నిపర్వతం అని.

ఆయన గుర్రు పెడుతున్నారు. లేపితే లైటు, కళ్ళజోడు, స్వెట్టరు, పావుగంట. నేను శాలువా కప్పుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని బయట పడ్డాను. ఎటు చూసినా ఒకేలాంటి తలుపులున్న ఆ నడవాలో నాలుగు రోజులుగా తప్పిపోతూనే ఉన్నాం. అయితే కింద తివాచీ మీద చేపల బొమ్మలుంటాయి, అవన్నీ ఓడ ముందుకే ఈదుతుంటాయి. ఆ చేపల వెంట నడిచి, మెట్లెక్కి, బరువైన తలుపు తోస్తే గాలి ఒక్కసారిగా మొహాన కొట్టింది.

పైన జనం లేరు. ఒక కుర్రాడు గొట్టంతో డెక్ కడుగుతున్నాడు. నన్ను చూసి నీళ్ళు కట్టేసి, ఏమీ అడగకుండానే కుడి పక్కకి చెయ్యి చూపించాడు. నల్లటి ఆకాశంలో ఇంకా నల్లగా ఒక ముక్కోణం. "ఆగండి మేడమ్, వస్తుంది" అన్నాడు. పదీ ఇరవై నిమిషాలకోసారి వస్తుందట. తనది ఇండోనేషియా అట, ఎనిమిది నెలల కాంట్రాక్టు. రాత్రి డ్యూటీ కాబట్టి ప్రతి వారం చూస్తాడు. నేపుల్స్ ఎలా ఉందని అడిగితే నవ్వి, ఆ టైముకి నిద్రపోతుంటానన్నాడు.

నిలబడ్డాను. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. కింద ఎక్కడో నీళ్ళు చీలుతున్న చప్పుడు, ఓడ ఎక్కాక మొదటిసారి విన్నాను. ఉన్నట్టుండి ముక్కోణం కొసన నిప్పు చిమ్మింది. శబ్దం లేదు. ఎర్రటి రవ్వలు పైకి లేచి, గొడుగులా విచ్చుకుని, కొన్ని వాలు మీద పడి కిందికి దొర్లాయి. ఒక్కో రవ్వా విడివిడిగా కనిపించింది. ఎంతసేపు? పది సెకన్లు ఉంటుందేమో. పూర్వం నావికులు దీన్ని మధ్యధరా సముద్రపు దీపస్తంభం అనేవాళ్ళట. నాకు మాత్రం చీకట్లో ఎవరో చుట్ట పీల్చినట్టనిపించింది.

ఇంకోసారి వస్తే ఆయన్ని లేపుకొద్దామనుకున్నాను. వచ్చింది. వెనక్కి పరిగెత్తి, ఈసారి చేపలకి ఎదురు నడిచి, గది తలుపు తీసేసరికి ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని టీవీ చూస్తున్నారు.

"ఏవండీ, పైకి రండి, అగ్నిపర్వతం!"

"చూశాను. రెండుసార్లు వచ్చింది" అన్నారు, దుప్పటి సర్దుకుంటూ.

చెయ్యి పట్టి లాక్కెళ్ళాను. మేం పైకి చేరేసరికి కొండ ఓడ పక్కకి వచ్చేసింది. నిప్పులు దొర్లే వాలు వాయవ్యం వైపు ఉందట. అంటే నేపుల్స్ నుంచి వచ్చే వాళ్ళకి ముందు కనిపించి, ఓడ తూర్పుగా దాటుతుంటే కొండ చాటుకి పోతుంది. ఇక మిగిలింది ఊరి దీపాలే, అడుగున ఒక గుప్పెడు. ఆ కొండ కింద కొన్ని వందల మంది రోజూ పడుకుని లేస్తారంటే వింతగా అనిపించింది. అరగంట నిలబడ్డాం. ఆయన ఒక్క ముక్క విసుక్కోలేదు. నా శాలువాలో సగం మాత్రం లాక్కున్నారు.

వాలెట్టా చాలా బాగుంది. తేనెరంగు రాతి గోడల మధ్య నుంచి ఓడ రేవులోకి వెళ్ళడం చూడటానికి మళ్ళీ చేపల వెంటే నడిచి పైకెళ్ళాను. అప్పటికి డెక్ మీద కాలు పెట్టే చోటు లేదు, అందరి చేతుల్లోనూ ఫోన్లు. ఆ కుర్రాడు కనిపిస్తాడేమోనని చూశాను. నిద్రపోతూంటాడు.

ఆఖరి రాత్రి భోజనాల దగ్గర, రోజూ మా బల్లకే వచ్చే జంట కలిసింది. వాళ్ళది బాల్కనీ గది, ఎడమ పక్క. స్ట్రాంబోలీ సంగతి వాళ్ళకి తెలియనే తెలియదు. ఏసీ వేసుకుని, కర్టెన్ దించుకుని పడుకున్నారట. మా ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని మొదలుపెట్టారు. నల్లటి ముక్కోణం, రవ్వల గొడుగు, మొహాన కొట్టిన చలిగాలి, నీళ్ళు చీలే చప్పుడు. అన్నీ నేను చెప్పినవే. "మేమిద్దరం అలా నిలబడిపోయామనుకోండి" అన్నారు.

నేను వైన్ గ్లాసు ఎత్తాను. ఆ రాత్రి ఆయన బిల్లు వైపు చూడలేదు.